టమాటా పక్క పిలకలు: పారేయాలా, పాతాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టమాటావే. కార్తీకంలో నాటిన నారు ఈపాటికి మోకాలెత్తు వచ్చి గుబురు కట్టి ఉంటుంది కాబట్టి వింతేమీ లేదు. వంగ, బెండ గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాలి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేష్టారూ, డాబా మీద గ్రో బ్యాగుల్లో టమాటా వేశాను. నారు కడియపులంకలో కొన్నాను, రకం పేరు అడగలేదు. మొక్కలు బాగా ఎదిగాయి. పక్కింటి వదిన చూసి "కాండానికీ ఆకుకీ మధ్య సందులో వచ్చే పిలకలన్నీ గిల్లేయాలి, లేకపోతే కాయ సైజు రాదు" అంది. సరేనని గిల్లడం మొదలెట్టాను గానీ, నిగనిగలాడే ఆ పిలకల్ని చెత్తలో వేయబుద్ధి కావట్లేదు. పాతితే బతుకుతాయా? బతికినా కాస్తాయా, ఊరికే ఆకు పెరిగి ఊరుకుంటాయా? – ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: బతుకుతాయండి, కాస్తాయి కూడా. అయితే గిల్లడం కాసేపు ఆపి ముందు మీ మొక్క ఏ రకమో చూడండి. మీ వదిన గారు చెప్పింది పొడుగు రకాలకే సరిపోతుంది.

టమాటాలో కొన్ని ఆగకుండా పైకి పోతూనే ఉంటాయి, పురికొస కట్టి పాకించుకోవాలి. చెర్రీ టమాటాలు చాలావరకు ఇవే. ఇంకొన్ని పొట్టి రకాలు, పీకేఎం-1 లాంటివి, కొంత ఎత్తు వచ్చాక కొసన పూగుత్తి వేసి అక్కడితో ఆగిపోతాయి. పొట్టి రకానికి కాపంతా ఈ పక్క కొమ్మల మీదే కదా, వాటిని గిల్లితే మీ కూర మీరే గిల్లేసుకున్నట్టు. పేరు తెలియకపోయినా గుర్తుపట్టొచ్చు. ఒక పూగుత్తి నుంచి పై పూగుత్తి దాకా ఆకులు లెక్కపెట్టండి, మధ్యలో మూడేసి ఆకులుంటే పొడుగు రకం, ఒకటి రెండు ఆకులకే ఇంకో గుత్తి వచ్చేస్తుంటే పొట్టి రకం. పొడుగు రకానికి పిలకలన్నీ తీయొచ్చు. పొట్టి రకానికి మొదటి పూగుత్తి కింద ఉన్నవి మాత్రం తీసి పైవాటి జోలికి పోకండి.

ఇక నాటడం. టమాటా కాండానికి వేరు వేయడమంటే చాలా తేలిక. మీ మొక్క మొదట్లో, మట్టికి కాస్త పైన కాండాన్ని వేలితో తడిమి చూడండి, చెమటకాయల్లా చిన్న చిన్న బొడిపెలు తగులుతాయి. అవి వేరు మొలకలే, తడీ చీకటీ దొరికితే చాలు బయటికొచ్చేస్తాయి. ఊత లేక నేల మీద పడిపోయిన టమాటా కొమ్మని ఎత్తబోతే అది మట్టిని పట్టుకుని రాదు చూడండి, అదీ ఇదే. చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ ఉంటుంది, కొమ్మ తెంపితే కోసిన చోట అది పోగుపడి అక్కణ్ణించి వేళ్లు పుట్టిస్తుంది.

పిలక 10 నుంచి 15 సెంటీమీటర్లుంటే చాలు. మరీ చిన్నదైతే వేరు వేసేలోపే సత్తువ అయిపోతుంది, మరీ పొడుగైతే ఆకులెక్కువై నీరు చాలక వాడిపోతుంది. ముందురోజు సాయంత్రం తల్లి మొక్కకి నీళ్లు పెట్టి, పొద్దున్నే ఎండ రాకముందు తీయండి. లేతదైతే వేళ్లతో పట్టుకుని పక్కకి వంచితే టక్కున ఊడొస్తుంది, గాయం కూడా చిన్నగా ఉండి మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది. పెన్సిలంత లావైపోతే మాత్రం బ్లేడుతో కోయండి, బ్లేడుని స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడిచి. కింది ఆకులు తీసేసి కొసన రెండు మూడు ఉంచండి. మొగ్గ ఉంటే తుంచేయండి. మనసు ఒప్పదు, తెలుసు, కానీ వేరు లేని కొమ్మ పువ్వుని మోయలేదు.

నీళ్ల గ్లాసులో పెట్టొచ్చు, నేరుగా మట్టిలోనూ గుచ్చొచ్చు. గ్లాసులో పెడితే వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు కనిపిస్తాయి, పిల్లలకి చూపించడానికి బాగుంటుంది. ఆకు నీళ్లలో మునగకూడదు, నీళ్లు రోజూ మార్చాలి, వెలుతురు ఉండాలి గానీ ఎండ నేరుగా పడకూడదు. వేరు అంగుళం రాగానే మట్టిలోకి మార్చేయండి. జడలు కట్టేదాకా ఉంచితే ఆ వేళ్లు నాటేటప్పుడు పుటుక్కున తెగుతాయి, నీళ్లలో పుట్టినవి కాబట్టి మట్టికి అలవాటు పడటానికీ టైం పడుతుంది. నన్నడిగితే నేరుగా మట్టే మేలు. అడుగున చిల్లులున్న చిన్న కవర్లో లంక ఒండ్రు మట్టి, కడిగిన కొబ్బరి పొట్టు సమానంగా కలిపి, బాగా మాగిన పశువుల ఎరువు గుప్పెడు వేయండి. పచ్చి పేడ, యూరియా వద్దే వద్దు. డెల్టా నల్లమట్టి ఒక్కటే నింపారంటే తడిస్తే ముద్ద, ఆరితే రాయి, పిలక అడుగున కుళ్లిపోతుంది. పుల్లతో కన్నం చేసి అందులో రెండు కణుపులు మునిగేలా పెట్టి చుట్టూ నొక్కండి. పిలకతోనే మట్టిని పొడిస్తే కోసిన చోట చితికిపోతుంది.

తర్వాత కొబ్బరి మట్ట నీడలో పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు మధ్యాహ్నం పూట తల వేలాడేస్తుంది. అది చూసి టెన్షన్ పడి చెంబులకి చెంబులు పోస్తారు చూడండి, సగం పిలకలు చచ్చేది అందువల్లే. వేరే లేనిది నీళ్లెక్కడ తాగుతుంది? మట్టి తడిగా ఉంటే చాలు, ఆకు మీద కాసిని నీళ్లు చిలకరించండి. కొసన కొత్త ఆకు విచ్చుకుని, మెల్లగా లాగితే ఊడి రాకుండా బిగిసి ఉంటే వేరు పట్టినట్టే. అప్పుడు ముందు పొద్దుటి ఎండ, నాలుగు రోజులాగి పూర్తి ఎండ. గ్రో బ్యాగులోకి మార్చేటప్పుడు ఇంకాస్త లోతుగా నాటండి, పాతిన కాండమంతా వేళ్లేస్తుంది.

కాపు సంగతి అడిగారు. విత్తనం వేస్తే నారు దశకే 25 నుంచి 30 రోజులు పోతుంది. పిలకకి ఆ పని లేదు, పైగా అది అప్పటికే పూతకొచ్చిన మొక్క తాలూకు ముక్క. ఇప్పుడు నాటితే సంక్రాంతి దాటాక పూత, శివరాత్రి రోజులకి కాయలు చూడొచ్చు.

ప్రశ్న: పిలక కొసకి వేర్ల పౌడర్ రాయాలా? దాల్చినచెక్క పొడి, తేనె, కలబంద అని వీడియోల్లో ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతున్నారు. – తణుకు

జవాబు: గులాబీకి, మందారానికి పౌడర్ పనికొస్తుంది. టమాటాకి ఏమీ అక్కర్లేదు. తేనె పాయసంలో వేసుకోండి.

ప్రశ్న: మా పెరట్లో ఒక టమాటా మొక్క పచ్చగా ఉండగానే ఒక్క రోజులో తోటకూర కాడలా వాలిపోయింది. పోతే పోయింది, పిలకలైనా బతికించుకుందామని నాలుగు తీసి గాజు గ్లాసులో పెట్టాను. కాసేపటికే నీళ్లు తెల్లగా అయ్యాయి. నీళ్లు మారిస్తే మళ్లీ అంతే. మూడో రోజుకి పిలకలూ వాలిపోయాయి. నీళ్లలో ఏదైనా దోషమా? – అమలాపురం దగ్గర ఒక పల్లె

జవాబు: నీళ్లది తప్పేం లేదండి. మీకు తెలియకుండానే మీరు రోగ పరీక్ష చేసేశారు. ఇది బాక్టీరియా వడలు తెగులు. ఆకు పసుపెక్కకుండా, మచ్చ పడకుండా, పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాలిపోవడం దీని గుర్తు. ఖాయం చేసుకోవాలంటే చచ్చిన మొక్క మొదలు దగ్గర కాండం రెండు మూడు అంగుళాలు కోసి, గ్లాసులో కదలని మంచినీళ్లలో కొస మునిగేలా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లోనే కోసిన చోటి నుంచి సన్నటి తెల్లటి తీగలు జారుతూ కిందికి దిగుతాయి. ఆ తెలుపంతా రాల్‌స్టోనియా అనే బాక్టీరియా, కాండంలో నీళ్లు పోయే దారుల్ని పూడ్చేసేది ఇదే.

అలాగని గ్లాసు నీళ్లు మసకబారిన ప్రతిసారీ కంగారు పడకండి. మూడు నాలుగు రోజులు మార్చకుండా వదిలేసిన నీళ్లు మసకబారి వాసనొస్తే మునిగిన ఆకు కుళ్లిందని అర్థం. పెట్టిన కాసేపటికే తెల్లబడితేనే తెగులు.

పిలక అంటే వేరే మొక్క కాదు, తల్లిలో ముక్క. తల్లి కాయ రుచీ దిగుబడీ ఎలా వస్తాయో తల్లి రోగమూ అలాగే వస్తుంది. అందుకే చావబోయే మొక్క నుంచి పిలక తీసి బతికించుకుందాం అనే ఆలోచనే వద్దు. బాగా కాస్తున్న, ఆకు మీద మచ్చగానీ ముడతగానీ లేని మొక్క నుంచే తీయాలి. ఆకుముడత వైరస్ కూడా ఇంతే, ముడత ఉన్న మొక్క పిలకకి ముడత ఖాయం, దానికి మందు లేదు.

చచ్చిన మొక్కని వేళ్లతో సహా తీసి కాల్చేయండి, ఎరువు గుంటలో వేయకండి. ఆ బాక్టీరియా మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి అదే చోట టమాటా, వంగ, మిరప మళ్లీ వేయొద్దు. తోటకూరో మొక్కజొన్నో వేసుకోండి. చేలో అయితే వరి వేసి నీళ్లు నిలబెట్టాక ఈ బాక్టీరియా తగ్గుతుంది, ఆ రకంగా మన డెల్టా వాళ్లకి కాస్త వెసులుబాటు. ఈసారి మీరు అర్క రక్షక్ విత్తనం తెచ్చుకోండి. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ వాళ్ల హైబ్రిడ్, ఆకుముడత, వడలు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునేలా తయారు చేసింది.

ప్రశ్న: మా మామగారికి చుట్ట అలవాటు. పిలకలు గిల్లేది కూడా ఆయనే. చుట్ట తాగిన చేత్తో ముట్టుకుంటే టమాటా పాడవుతుందని మా తమ్ముడు అంటున్నాడు, ఆయనేమో నవ్వేస్తున్నారు. ఎవరిది నిజం? – రాజోలు

జవాబు: మీ తమ్ముడిదే. పొగాకూ టమాటా ఒకే కుటుంబం మొక్కలు. పొగాకు మొజాయిక్ వైరస్ అని ఒకటుంది, శాస్త్రజ్ఞులు లోకంలో మొట్టమొదట గుర్తించిన వైరస్ అదే, 1890ల నాటి మాట. ఎండబెట్టి చుట్ట చుట్టిన ఆకులోనూ అది బతికే ఉంటుంది, వేళ్లకి అంటుకుని, గిల్లిన గాయంలోంచి మొక్కలోకి పోతుంది. ఆకు మీద లేత పసుపు, ముదురు ఆకుపచ్చ కలిసిన మచ్చలు, ఆకు సన్నబడి వంకర తిరగడం దాని లక్షణాలు. ఒక మొక్కకి ఉందంటే పిలకలు గిల్లే చేత్తోనే వరుసంతా పాకుతుంది.

లంక పొగాకు చుట్ట మానమని మామగారికి చెప్పడం నా వల్ల కాదు, మీ వల్లా కాదేమో. తోటలోకి వెళ్లేముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోమనండి చాలు. ఖైనీ నలిపే వాళ్లకీ ఇదే మాట.

ప్రశ్న: నేను రిటైరై నరసాపురం దగ్గర మా ఊళ్లోనే ఉంటున్నాను. బోరు నీళ్లు ఉప్పన. కొట్లో కొన్న కొబ్బరి పొట్టు ఇటుక నానబెట్టి అందులో పిలకలు గుచ్చాను. ఆకు అంచులు గోధుమ రంగుకి మాడిపోయి ఒక్కటీ నిలవలేదు. కుండీల్లో ఉన్న పెద్ద మొక్కలు మాత్రం బాగానే ఉన్నాయి, కాకపోతే మట్టి మీద తెల్లటి పొర కడుతోంది.

జవాబు: ఉప్పు రెండు వైపుల నుంచీ దెబ్బ కొట్టిందండి. ఎదిగిన టమాటా కాస్త ఉప్పుని ఓర్చుకుంటుంది. వేరు లేని పిలక ఓర్చుకోలేదు.

ఒకటి మీ బోరు. సముద్రం దగ్గర, పక్కన రొయ్యల చెరువులు కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. రెండోది ఆ ఇటుక. పీచు తీయడానికి కొబ్బరి డొక్కల్ని చాలాచోట్ల ఉప్పుటేరు నీళ్లలో నానేస్తారు, ఆ ఉప్పు పొట్టులో ఉండిపోతుంది, కొబ్బరి పొట్టులో సహజంగానూ కొంత ఉంటుంది. కడిగిన రకం అని రాసి ఉంటే తప్ప నమ్మకండి. ఇటుకని మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డలో వేసి పిండేయండి. మళ్లీ మంచినీళ్లు పోసి మళ్లీ పిండండి. మొదటిసారి నీళ్లు కాఫీ రంగులో దిగుతాయి, రంగు బాగా పలచబడేదాకా చేయాలి. ఇదే పని బోరు నీళ్లతో చేస్తే మొదటికొస్తుంది, ఉప్పుని ఉప్పుతో కడిగినట్టు.

పిలకలకి కావలసింది రోజుకి గ్లాసెడు నీళ్లే కాబట్టి కాలవ నీళ్లో, డ్రమ్ములో పట్టుకున్న వాన నీళ్లో వాడండి. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా ఈ పనికి బాగుంటాయి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. మినరల్ వాటర్ ప్లాంటు వాళ్లు బయటికి వదిలే నీళ్లు ఊరికే వస్తున్నాయి కదా అని పోయకండి, తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. కాలవలు కట్టేసే వేసవికి డ్రమ్ము ముందే నింపి మూత పెట్టుకోండి, దోమలు పడకుండా.

పెద్ద కుండీల మీద తెల్లపొరని గీకి పారేసి, పదిహేను రోజులకోసారి మంచినీళ్లు అడుగు చిల్లుల్లోంచి కారేదాకా ధారగా పోయండి. ఉప్పు కిందికి దిగిపోతుంది. కుండీ కింద పళ్లెం పెట్టి ఆ నీళ్లని నిలవుంచితే మాత్రం చేసిందంతా వృథా.

ప్రశ్న: నాకు ఆత్రేయపురం వైపు అర ఎకరం లంక భూమి ఉంది. హైబ్రిడ్ విత్తనం రేటు చూస్తే భయమేస్తోంది. కాసిని మొక్కలు కొని వాటి పిలకలతోనే అర ఎకరం నింపేస్తే? – ఒక యువ రైతు

జవాబు: ఆలోచన మంచిదే తమ్ముడూ, లెక్క చూడు. వరుసల మధ్య 90 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు పెడితే ఎకరానికి దాదాపు 10 వేల మొక్కలు పడతాయి. నీకు 5 వేలు కావాలి. ఒక తల్లి మొక్క నుంచి ఒక దఫాకి నాలుగు మంచి పిలకలు వచ్చాయనుకున్నా 1,250 తల్లి మొక్కలుండాలి. 5 వేల పిలకలు తీసి, ఆకు తుంచి, కవర్లలో గుచ్చి, నీడలో సాకే కూలి ముందు విత్తనం ఖర్చు ఏపాటి? పైగా తల్లుల్లో పదింటికి ఆకుముడత పైకి కనిపించకుండా ఉందనుకో, ఆ పది నలభై అవుతాయి, తెల్లదోమ మిగతా పని చూసుకుంటుంది.

నువ్వు పిలకల్ని వాడాల్సిన చోటు వేరే ఉంది. నాటిన పదిహేను రోజుల్లో చచ్చిన మొక్కల ఖాళీలు పూరించడానికి ఇంతకంటే మంచి దారి లేదు. మిగిలిన నారు అప్పటికి ముదిరి కాడలు సాగిపోయి ఉంటుంది, మళ్లీ కొనబోతే అదే రకం దొరకదు. నాలుగు తల్లి మొక్కల్ని పొలంలో వాటికంటే ముందుగా నాటి, సన్నకన్నం దోమల నెట్ కింద విడిగా పెంచుకో. ఖాళీ పడగానే వేరు పట్టిన పిలక తెచ్చి పెట్టు. పొట్టి రకం వేస్తే ఆ తల్లుల నుంచి కాపు ఆశించకు, పిలకల కోసమే ఉంచుకో.

హైబ్రిడ్ కాయలోంచి విత్తనం తీసి వేద్దామనే ఆలోచన కూడా వచ్చే ఉంటుంది. వేస్తే ఒకటి గుండ్రంగా, ఒకటి కోలగా, ఒకటి తెగులుకి లొంగిపోయేదిగా రకరకాలుగా వస్తాయి. పిలకకి ఆ బాధ లేదు, తల్లి ఎలాగో అదీ అలాగే.

ప్రశ్న: పిలక నుంచి పిలక వేసుకుంటూ పోతే ఏడాది పొడుగునా ఇంటి టమాటాలే తినొచ్చా? 2023 జూలైలో కిలో వంద దాటిపోయినప్పటి నుంచీ ఇదే ఆలోచన. – రాజమండ్రి

జవాబు: పిలకలు ఏ నెలలోనైనా వేరు వేస్తాయి, పిందె మాత్రం ఏ నెలలో పడితే ఆ నెలలో పడదు. టమాటాకి రాత్రి వేడి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పిందె బాగా నిలుస్తుంది. మనకి ఆ రాత్రులు మార్గశిరం నుంచి మాఘం దాకానే. ఏప్రిల్ వచ్చేసరికి రాత్రుళ్లు కూడా ఉక్కపోతే, పుప్పొడి చెడిపోతుంది, పువ్వు కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. దానికి ఎరువు వేసినా మందు కొట్టినా లాభం లేదు.

కాబట్టి జనవరి నెలాఖరుని గడువు పెట్టుకోండి. ఆ లోపు నాటిన పిలక మార్చి మొదట్లో పూసి ఏప్రిల్ వరకూ కాయలిస్తుంది. ఫిబ్రవరి నెలాఖరున నాటింది చూడ్డానికి పచ్చగా ఎదుగుతుంది, పూత మాత్రం సరిగ్గా ఎండలకి అందుతుంది. జూలైలో ధర పెరిగే రోజులకి మీ డాబా మీద కాయలుంటాయని ఆశ పెట్టుకోకండి. అప్పుడు మదనపల్లె నుంచి లారీ రావాల్సిందే, లేదంటే చింతపండు పులుసు ఉండనే ఉంది.

మొక్కని మాత్రం వచ్చే సీజన్ దాకా నిలబెట్టుకోవచ్చు. హైబ్రిడ్ అయితే రెండు మూడు పిలకల్ని చెట్టు నీడలో, నెట్ కింద, పూత తుంచుకుంటూ ఉంచి, అవి ముదిరినప్పుడల్లా కొసలు తీసి కొత్తగా నాటుకోవాలి. వానల్లో మచ్చ తెగుళ్లు, ఎండల్లో తెల్లదోమ దాటుకుని రావాలి మరి, నా మట్టుకు నాకు అంత ఓపిక లేదు. మామూలు రకమైతే విత్తనమే తేలిక. బాగా పండిన కాయ గుజ్జుని గ్లాసులో రెండు రోజులు పులియబెట్టండి, గింజ చుట్టూ ఉన్న జిగురు విడిపోతుంది. కడిగి, అడుక్కి దిగిన గింజల్ని పళ్లెంలో పల్చగా పరిచి నీడలో గలగలలాడేలా ఆరబెట్టి, తడి తగలని సీసాలో పోసి బిగించండి. కాగితం మీద ఆరబెడితే అంటుకుపోయి ఊడి రావు. సీసా మీద రకం పేరూ నెలా రాయండి. నారు వానలు తగ్గే భాద్రపదం చివర్లో పోసుకోవచ్చు.